ఎక్స్‌రే ఒప్పుకుంటేనే నొప్పా?

ఐర్లండ్ సింఫిసియాటమీ పరిహార పథకం మీద జడ్జి మౌరీన్ హార్డింగ్ క్లార్క్ నివేదిక 2016లో వెలువడింది. దాన్ని నేను న్యాయ పత్రంగా కాక ఒక కథనంగా చదివాను. అందులో ఎవరి మాట నిలుస్తుంది, ఎవరి మాట వీగిపోతుంది అన్నదే నా ఆసక్తి.

కటి ఎముకలు ముందువైపు కలిసే కీలుని కోసి బిడ్డకి దారి వెడల్పు చేయడమే సింఫిసియాటమీ. 1940ల నుంచి 1980ల దాకా అక్కడ సుమారు 1,500 మందికి ఈ కోత పెట్టారు. సిజేరియన్ అప్పటికే ఉంది కదా, మరి ఇదెందుకు? వరసగా సిజేరియన్లయితే ఇక కాన్పులు ఆపమనాల్సి వస్తుంది. గర్భనిరోధక సాధనాల అమ్మకాన్నే 1935లో నిషేధించిన క్యాథలిక్ దేశమది. ఇంకా కడుపున పడని పిల్లల కోసం ఈ కాన్పులోనే తల్లి ఎముకలు విడదీశారన్నమాట! తమకి ముందుగా చెప్పనేలేదని చాలామంది స్త్రీలు అన్నారు. నడక కుంటుపడడం, మూత్రం ఆగకపోవడం, తీరని నడుంనొప్పి గురించి దశాబ్దాల తర్వాత నోరు విప్పారు.

పథకానికి 590 దరఖాస్తులొస్తే 399 మందికి పరిహారం అందింది. ప్రజాధనం పంచేటప్పుడు రుజువులు అడగడాన్ని నేను తప్పుపట్టను. ఆపరేషనే జరగనివాళ్లూ దరఖాస్తు చేసి ఉండొచ్చు. కానీ నివేదిక అక్కడితో ఆగదు. పత్రికల కథనాలూ, తోటివాళ్ల మాటలూ ఈ ముసలమ్మల జ్ఞాపకాల్ని మార్చాయేమోనని అనుమానిస్తుంది. ఆ అనుమానం ఆస్పత్రి రికార్డు దగ్గరికొచ్చేసరికి ఎందుకంత మెత్తబడుతుంది? కేసు షీటు రాసిన చేతికి మాత్రం స్వప్రయోజనం ఉండదా? ఎక్కువమంది బాగానే కోలుకున్నారని కూడా నివేదిక తేల్చింది. నొప్పితోనే వంటా పిల్లల పనీ చేసుకుపోయిన మనిషి బయటికి కోలుకున్నట్టే కనిపిస్తుంది మరి.

కోత లేకుండా మామూలు కాన్పులోనూ ఈ కీలు విడిపోవచ్చు. కాన్పంటే ఆడదానికి పునర్జన్మ అంటాం మనం. ఆ తర్వాత మంచం మీద పక్కకి ఒత్తిగిల్లలేని, మెట్టు ఎక్కలేని నెలల్ని మాత్రం 'నడుంనొప్పి' అని తోసేస్తాం. నేను చదివిన మన కథల్లో చాలావాటికి కాన్పు ఘట్టం బిడ్డ ఏడుపుతో ముగిసిపోతుంది. తల్లి లేచి నడవడానికి ఎన్నాళ్లు పట్టిందో వాటిలో ఉండదు.