డిక్రీ మిస్సోరీది, ఫ్లాట్ ఎర్రగడ్డది

విదేశీ కోర్టు ఇచ్చే విడాకుల డిక్రీలో సాధారణంగా మూడు సంగతులు కలిసి ఉంటాయి: పెళ్లి రద్దు, ఆస్తి పంపకం, అప్పుల బాధ్యత. భారతీయ చట్టం వీటిని విడదీసి చూస్తుంది.

పెళ్లి రద్దు సంగతి తేల్చింది తెలుగువాళ్ల కేసే. 1975లో తిరుపతిలో పెళ్లి, 1980లో అమెరికాలోని మిస్సోరీ కోర్టులో భర్త తెచ్చుకున్న విడాకులు, 1981లో యాదగిరిగుట్టలో అతని రెండో పెళ్లి. మొదటి భార్య రెండో పెళ్లి నేరం కింద కేసు పెట్టింది. వై. నరసింహారావు వర్సెస్ వై. వెంకటలక్ష్మి పేరిట అది సుప్రీంకోర్టుకు చేరింది. మిస్సోరీలో 90 రోజులు నివసించానని చెప్పి, హిందూ వివాహ చట్టంలో లేని కారణం మీద తెచ్చిన ఆ డిక్రీ చెల్లదని 1991లో తీర్పు వచ్చింది. భార్య మనస్ఫూర్తిగా ఆ కోర్టుకు లోబడి వాదించినా, విడాకులకు ఒప్పుకున్నా సంగతి వేరు. అభ్యంతరం చెబుతూ జవాబు పంపడం మాత్రం లోబడటం కాదు.

స్థిరాస్తి దగ్గర సూత్రం ఇంకా కచ్చితమైనది. సివిల్ ప్రొసీజర్ కోడ్ 16వ సెక్షన్ ప్రకారం భూమి ఎక్కడుంటే దావా అక్కడే. ఉదాహరణకు, కాలిఫోర్నియా చట్టంలో పెళ్లయ్యాక సంపాదించినదంతా ఇద్దరిదీ. అక్కడి జడ్జి హైదరాబాద్ ఎర్రగడ్డలోని ఫ్లాటులో సగం భార్యకు రాసినా, ఆ కాగితం ఒక్కటే చూసి ఇక్కడి రిజిస్ట్రేషన్ పుస్తకాల్లో పేరు మారదు. సంతకం పెట్టమని భర్తను ఆదేశించడం, పెట్టకపోతే కోర్టు ధిక్కారం కింద శిక్షించడం వరకే ఆ జడ్జి అధికారం. అతను విమానమెక్కి హైదరాబాద్ వచ్చేస్తే అదీ పోయినట్టే. అమెరికాలోనూ ఇదే పేచీ వచ్చింది. వాషింగ్టన్ రాష్ట్ర విడాకుల కోర్టు నియమించిన కమిషనర్ రాసిన దస్తావేజు నెబ్రాస్కా భూమికి చెల్లదని 1909లో ఫాల్ వర్సెస్ ఈస్టిన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టే తేల్చింది. అదే దేశంలోని మరో రాష్ట్రంలో చెల్లని దస్తావేజు సముద్రం దాటి చెల్లుతుందనుకోవడం అత్యాశ.

ఇక్కడ భార్యాభర్తల ఆస్తి తగాదాలు వినే అధికారం 1984 చట్టం ఫ్యామిలీ కోర్టుకు ఇచ్చింది. అయితే సగం సగం అనే లెక్క హిందూ వివాహ చట్టంలో లేదు. 27వ సెక్షన్ పెళ్లి సందర్భంగా ఇద్దరికీ ఉమ్మడిగా వచ్చిన కానుకల వరకే వర్తిస్తుంది. పసుపు కుంకుమ కింద పుట్టింటివారు ఇచ్చిన పొలం, నగలు స్త్రీధనం. వాటిలో భర్తకు వాటా లేదు.

డబ్బు చెల్లించమనే డిక్రీకి దారి వేరు. బ్రిటన్, సింగపూర్, 2020 నుంచి యూఏఈ కోర్టుల డిక్రీలను సివిల్ ప్రొసీజర్ కోడ్ 44ఎ సెక్షన్ కింద జిల్లా కోర్టులో నేరుగా అమలుకు పెట్టవచ్చు. అమెరికా ఆ జాబితాలో లేదు. అక్కడి తీర్పు ఆధారంగా మూడేళ్లలోగా ఇక్కడ కొత్త దావా వేయాలి. ఏ దేశపు తీర్పైనా అదే కోడ్ 13వ సెక్షన్ పరీక్షలు దాటాల్సిందే.

ఇద్దరూ సంతకం పెట్టిన ఇంటి లోనుకు ఈ జాబితాతో పని లేదు. వాయిదాలు భర్తే కట్టాలని విదేశీ కోర్టు రాసినా, విడాకుల కేసులో బ్యాంకు కక్షిదారు కాదు. కాంట్రాక్టు చట్టం 43వ సెక్షన్ కింద బాకీ మొత్తం భార్య నుంచే వసూలు చేసుకోవచ్చు. కట్టాక అతని వాటా రాబట్టుకోవడానికి ఆమె మళ్లీ కోర్టుకెక్కాలి.