దేవదాసు పశ్చాత్తాపము

మా కోడంబాక్కపు తెలుగు ఇండ్లలో ‘దేవదాసు’ చూచునపుడెల్ల పెద్దలలో ఎవరో ఒకరు, “ఆ ఉత్తరము వ్రాయకుండిన ఎంత బాగుండెడిది!” అనక మానరు. వినోదా పిక్చర్సు వారి యీ చిత్రము 1953 జూనులో వెలువడినది. శరత్ నవల 1917 నాటిది. పార్వతిపై తనకట్టి తలంపు లేదని దేవదాసు పట్టణమునుండి వ్రాయును, వ్రాసి కుములును, తిరిగివచ్చుసరికి ఆమె పెండ్లి నిశ్చయమైయుండును.

ఆ నిట్టూర్పును మేము తప్పుపట్టము. కాని ఉత్తరము వ్రాయకుండినచో కథ మారియుండునా? తండ్రి యెదుట నిలువలేనివాడు మరియొక విధమున ఆ పనియే చేసియుండునని మాకు తోచుచున్నది. అతని మనస్సు “ఇట్లు చేసితిని” అను చోట నిలువదు. “నేనిట్టివాడను” అను చోటికి జారును. మొదటిది పశ్చాత్తాపము, రెండవది సిగ్గు. చేసినది తప్పనుకొన్నవాడు మరునాడు వేరుగా చేయగలడు. తానే చెడ్డవాడననుకొన్నవానికి చేయుటకేమి మిగులును? త్రాగుట మిగులును.

చంద్రముఖి అట్లు కాదు. దేవదాసు అసహ్యించుకొన్న పిమ్మట తన బ్రతుకు మరియొక విధముగా ఉండవచ్చునని ఆమెకు తోచినది, వృత్తి మానినది. ఇక పార్వతి. వచ్చి అడిగిన దేవదాసును కాదన్నది ఆమె అభిమానమే. ‘ఔననియుండిన’ అను తలంపులో ఆమెకును పాలు కలదు. అయినను జమీందారు ఇల్లు చక్కదిద్దినది.

చిత్రములోని లోపము మాకిచ్చటనే కనబడుచున్నది. వేదాంతం రాఘవయ్యగారి దర్శకత్వము, చిత్రము వెలువడుటకు ముందే 1952లో గతించిన సుబ్బరామన్ సంగీతము, నాగేశ్వరరావుగారి అరమోడ్పు కన్నులు అన్నియు దేవదాసు వైపే మొగ్గినవి. అతని సిగ్గునే ప్రేక్షకుడు పశ్చాత్తాపమని పొరబడును. సావిత్రి ఒక్కతెయే, మాటలు తక్కువైనను, త్రాసు రెండవ తట్టను నిలిపినది.

మాకిది ఒట్టి సినిమా ముచ్చట కాదు. ఆ 1953 లోనే అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రమేర్పడినది. మద్రాసు మనకు రాలేదు. పిదప తెలుగు చిత్రపరిశ్రమయు మెల్లగా హైదరాబాదు చేరినది. “నగరము దక్కియుండిన”, “మనమును అప్పుడే పోయియుండిన” అను మాటలు మా ఇండ్లలో కాఫీతోపాటు వచ్చును. కోపిష్ఠి నాయకులను తిట్టును. మెత్తనివాడు తన్ను తాను తిట్టుకొనును. తెరపై తెలుగు పేర్లను మనుమలు చదువలేకపోయినపుడు మాత్రము మేమందరము సిగ్గుపడి మాట మార్చితిమి. అది దేవదాసు దారియే. పలక తెచ్చి కూర్చుండబెట్టిన ఇల్లాండ్రు కొందరు లేకపోలేదు. వారు నిట్టూర్చుట మేమంతగా వినలేదు.

చివర పార్వతి పరుగెత్తును, వాకిలి మూయుదురు. ఎన్నిమారులు చూచినను అచ్చట “తలుపు తెరచియుండిన” అని మా పెద్దలెవ్వరును అనరు.