ఆకుపచ్చ హైడ్రోజన్

హబుల్ టెలిస్కోపు తీసిన ఛాయాచిత్రాల్లో 'సృష్టి స్తంభాలు' మీరు చూసే ఉంటారు. సుమారు 6500 కాంతి సంవత్సరాల దూరంలోని గరుడ నిహారికలో నిలువుగా లేచిన మూడు ధూళి స్తంభాలవి. 1995 ఏప్రిల్ 1న జెఫ్ హెస్టర్, పాల్ స్కోవెన్ అనే శాస్త్రజ్ఞుల కోసం తీసిన ఈ చిత్రంలోని రంగులు కెమెరా చూసినవి కావు. ఆ కెమెరాకు అసలు రంగులే తెలియవు. పడిన కాంతి ఎంతో కొలవడం ఒక్కటే దాని పని.

మూడు ఫిల్టర్లు మార్చి నలుపు తెలుపు చిత్రాలు తీశారు. దాదాపు 673 నానోమీటర్ల వద్ద వెలిగే గంధకానికి ఎరుపు, 656 వద్ద వెలిగే హైడ్రోజన్‌కు ఆకుపచ్చ, 502 దగ్గరి ఆక్సిజన్‌కు నీలం కేటాయించారు. నిజానికి ఆ హైడ్రోజన్ కాంతి ఎరుపే!

మరి ఇది మోసం కాదా? కాదనే నా అభిప్రాయం. రంగుల కెమెరాలో ఏం జరిగేదో చూడండి. కొడాక్ కంపెనీలో బ్రైస్ బేయర్ రూపొందించగా 1976లో పేటెంటు పొందిన అమరికే నేటికీ ఎక్కువ కెమెరాల్లో ఉంది. ప్రతి నాలుగు పిక్సెళ్లలో రెండు ఆకుపచ్చకు, ఒకటి ఎరుపుకు, ఒకటి నీలానికి. హైడ్రోజన్ కాంతి వస్తే నాలుగింట ఒక్కటే బాగా అందుకుంటుంది. అంతకన్నా పెద్ద చిక్కు, గంధకం కాంతీ ఎరుపే కనుక అదే పిక్సెల్‌లో పడి కలిసిపోతుంది. ఇక విడదీయలేం. ఆ తేడాయే కదా శాస్త్రజ్ఞుడికి కావలసింది! ఆక్సిజన్ అలా వెలగాలంటే నక్షత్రాల నుంచి తీవ్రమైన అతినీలలోహిత కాంతి కావాలి. గంధకానికి అంత అక్కరలేదు.

చిత్రంలో లోపం లేకపోలేదు. మూడింటి ప్రకాశాన్నీ విడివిడిగా సర్దారు కనుక రంగు చూసి ఏ మూలకం ఎంత ఉందో చెప్పలేం. నక్షత్రాల సహజవర్ణాలూ పోయాయి. ఆ సంగతి రాయకుండా అచ్చువేసే క్యాలెండర్ల వాళ్ల తప్పు మరీ పెద్దది. నలుపు తెలుపు కెమెరా అంటే కల్పిత వర్ణాలే అనుకోనక్కరలేదు. ఆస్ట్రేలియాలో డేవిడ్ మాలిన్ నలుపు తెలుపు ఫలకాల మీదే, ఎరుపు ఆకుపచ్చ నీలం ఫిల్టర్లతో తీసిన నిహారికలు సహజంగా ఎర్రగానే ఉంటాయి.

మీ కళాశాల ఖగోళ సంఘం ఒకే కెమెరా కొనగలిగితే? నిహారికల మీద ఆసక్తి, రాత్రుల తరబడి ఓపిక ఉంటే నలుపు తెలుపుదే మేలు. సన్నని ఫిల్టరు పెడితే వీధిదీపాల కాంతి కూడా చాలావరకు ఆగిపోతుంది. తోకచుక్క అయితే రంగుల కెమెరాయే నయం. ఫిల్టర్లు మార్చేలోగా అది నక్షత్రాల మధ్య జరిగిపోతుంది. మూడు చిత్రాలు ఒకదానిమీద ఒకటి సరిగా కూర్చోవు. చంద్రగ్రహణానికీ అంతే, నీడ కదులుతూనే ఉంటుంది.