వాటాల లెక్క – కళాశాల తరగతి

1918లో ఉర్దూ మాధ్యమంతో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ముస్లిం విద్యార్థులకు దీనియాత్, ఇతరులకు నీతిశాస్త్రం నిర్బంధ పాఠ్యాంశాలుగా ఉండేవి. దారుల్ తర్జుమా గణిత గ్రంథాలను ఉర్దూలోకి తెచ్చింది. ఉన్నత గణితాన్ని దేశభాషలో బోధించవచ్చునని నిరూపించిన ఘనత ఆ సంస్థది. అయితే ధర్మానికి ఒక గంట, గణితానికి మరో గంట. ఈ రెంటినీ ఒకచోట కూర్చోబెట్టడం వేరే పని.

గణితం ప్రధానాంశంగా తీసుకోని విద్యార్థులకు విశ్వాస దృష్టితో, చర్చాపద్ధతిలో గణితం చెప్పాలన్న ఆలోచన ఆ పనికి పూనుకొంటుంది. అభినందనీయమే. కాని ఇటువంటి పాఠాలు తరచుగా అల్ ఖ్వారిజ్మీ పేరు, ‘అల్ జబ్ర్’ అనే మాట పుట్టుక, పూర్వవైభవ కీర్తన – ఇంతటితో ముగుస్తాయి. విద్యార్థి గర్వపడతాడు, అంతే, చర్చించడానికేమీ మిగలదు. తొమ్మిదవ శతాబ్దపు ఆ మహనీయుని గ్రంథంలో పెద్ద భాగం వీలునామాలు, వారసత్వ వాటాల లెక్కలేనన్న సంగతి మాత్రం మరుగున పడుతుంది. అసలు పాఠం అక్కడుంది.

ఒక స్త్రీ మరణించింది. సంతానం లేదు, తల్లిదండ్రులు లేరు. భర్త, ఇద్దరు సొంత అక్కచెల్లెళ్ళు ఉన్నారు. అప్పులు, వసీయత్ పోగా ఆస్తి 42,000 రూపాయలు. దివ్యఖుర్ఆన్ ప్రకారం భర్తకు సగం, అక్కచెల్లెళ్ళిద్దరికీ కలిపి మూడింట రెండు వంతులు. అంటే 21,000, 28,000, మొత్తం 49,000! ఉన్న ఆస్తి చాలదు. హజ్రత్ ఉమర్ (రజి) కాలంలో ఇటువంటి సమస్యే ఎదురైనప్పుడు అందరి వాటాలనూ ఒకే నిష్పత్తిలో తగ్గించారు. దీనినే ‘ఔల్’ అంటారు. ఆస్తిని ఏడు భాగాలు చేస్తే భర్తకు 18,000, అక్కచెల్లెళ్ళకు తలా 12,000. హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) దీనితో ఏకీభవించలేదు. ఆయన అభిప్రాయంలో భర్త సగం చెక్కుచెదరదు. అక్కచెల్లెళ్ళకు తలా 10,500 మిగులుతుంది. షియా ఫిఖహ్ ఈ రెండవ మార్గాన్నే అనుసరించింది.

రెండు కూడికలూ సరైనవే. ఏది న్యాయమో భిన్నాలు చెప్పవు. చర్చ వల్ల విద్యార్థికి సందేహాలు పుడతాయని భయపడే అధ్యాపకులు, సహాబాలే ఈ విషయంలో భేదించారని గమనించాలి.

మల్లాపూర్ నుండి కోరుట్లకో జగిత్యాలకో వెళ్ళి బి.ఏ. చదివే అమ్మాయికి ఈ లెక్క దూరపుది కాదు. పసుపు చేను పంపకంలో ఆడపిల్ల వాటాను ‘మాఫ్’ చేయించుకోవడం చాలా ఇళ్ళలో మామూలే. ఆ 12,000 ఎలా వచ్చిందో తానే లెక్కగట్టి చెప్పగలిగిన అమ్మాయిని అంత సులువుగా ఒప్పించలేరు. పాఠ్యక్రమం తయారుచేసేవారు మొదటి వారంలోనే ఈ సమస్య పెట్టి, కీర్తన పాఠాన్ని చివరకు జరపవచ్చు.