దస్తర్‌ఖాన్ మీద మేమెక్కడ?

హైదరాబాద్‌కు చుట్టమొస్తే ఎక్కడ తినమంటారు? బిర్యానీకి ప్యారడైజ్, షాదాబ్. చాయ్‌కి చార్మినార్ పక్క నిమ్రా. మంచి హోటళ్లే, కాదనం. 2010లో హలీంకు భౌగోళిక గుర్తింపొచ్చింది. 2019లో యునెస్కో ఈ నగరాన్ని వంటల నగరంగా గుర్తించింది. సంతోషమే. కానీ ఈ జాబితాల్లో కనిపించే ముస్లిం ఎవరు? ఎప్పుడూ నవాబే!

పేదోడు తక్కువ డబ్బుతో కడుపునిండా తినే కళ్యాణీ బిర్యానీ పేరు చాలామంది నోట రాదు. అది పెద్దకూర కదా! కోహెడ, ఇబ్రహీంపట్నం వైపు ఊళ్లలో జొన్నరొట్టె, ఖట్టీదాల్ తినే సాయిబు వంటయితే అసలు లెక్కలోకే రాదు.

మా రుచి కావాలి, మా పేదరికం కనపడొద్దా? ఇదేం మెచ్చుకోలు? చుట్టానికి షాదాబ్‌తోపాటు కళ్యాణీ హోటలున్న గల్లీ కూడా చూపండి. తినేదీ మానేదీ వాళ్లిష్టం.