స్థలచిత్రములు: వాని ప్రామాణ్యము

సంగారెడ్డి జిల్లాలోని కొండాపూరు గ్రామముచెంత "కోటగడ్డ" యని జనులు పిలుచు దిబ్బ యొకటి కలదు. హైదరాబాదు నగరములో నీ పేరుగల పేట వేఱు. ఇది పటాన్‌చెరువునకుఁ బడమటనున్న పల్లె. 1940 మొదలు 1942 వఱకు హైదరాబాదు సంస్థానపుఁ బురావస్తుశాఖవారు గులాం యజ్దానీగారి యాధ్వర్యవమున నిచటఁ ద్రవ్వింపఁగా శాతవాహనుల నాణెములు, పూసలు, తెల్లమట్టితోఁ జేసి కాల్చిన బొమ్మలు, రోమకచక్రవర్తి ఆగస్టస్ నాఁటి బంగారునాణెము, ఇటుకకట్టడముల పునాదులు బయల్పడినవి. దొరకిన వస్తువులకు 1952లో నచటనే ప్రదర్శనశాల యేర్పడినది. నాణెశాస్త్రజ్ఞున కీ దిబ్బ పెన్నిధి. చిత్రకారునకో, కన్నానుటకు శిఖర మొక్కటియు లేదు. గోపురము లేదు, గుమ్మటము లేదు, కమాను లేదు. ఎత్తుగడ్డయు, గడ్డియు, నిటుకముక్కలును, మీఁద నాకాశమును. అయినను స్థలచిత్రకళకు నిజమైన పరీక్ష చార్మినారుముందుకంటె నిటువంటిచోటనే కలుగును.

ఒక ప్రదేశమును, అందలి ప్రాచీననిర్మాణములను యథాస్థితముగఁ జూపఁబూనిన పటమును స్థలచిత్ర మనవచ్చును. నేఁడు హైదరాబాదు, వరంగల్లు ప్రాంతములఁ దైలవర్ణములతోను, ఆక్రిలిక్ వర్ణములతోను నిట్టివి విరివిగ వెలువడుచున్నవి. పనితనమునఁ బెక్కింటికిఁ గొఱఁత లేదు. కొఱఁత చూపులో నున్నది. 1591లోఁ గట్టిన చార్మినారు తఱచుగా నొకే కోణమునుండి, సాయంకాలపుఁ బసిఁడివెలుఁగులో, నిర్జనమైన వీధినడుమ నిలుచుండును. ఆ వీధిలో జనము లేని గడియ యెప్పుడున్నదని యడుగువారు లేరు. విద్యుత్తీఁగలు, బండ్లు, గాజులయంగళ్ళు పటమునుండి తుడిచివేయఁబడును. వేయిస్తంభముల గుడిని జుట్టుకొన్న హనుమకొండ పట్టణము గుడ్డపై నడవిగా మాఱును.

ఈ తుడుపు నేఁటిది గాదు. థామస్ డానియల్, అతని సోదరపుత్రుఁడు విలియము 1786లో భారతదేశమునకు వచ్చి, తాము వ్రాసికొన్న దృశ్యములను 1795 మొదలు 1808 వఱకు 144 ముద్రితచిత్రములుగా లండనున వెలువరించిరి. వానిలో శిథిలము ప్రధానము. పల్లెజనులు దాని కొలత చూపుటకు నిలిపిన బొమ్మలవలె నుందురు. శిథిలమున రమణీయతను వెదకు నా యభిరుచి యింగ్లండునఁ బ్రబలినది. కళాశాలల తోవను మన చిత్రకారులకును సంక్రమించినది. డానియలుల పటములను దూషించుట యుచితము గాదు. వానిలోని వాస్తువివరము నేఁటికిని బనికివచ్చుచున్నది. మనవారు వివరమును విడిచి యభిరుచిని మాత్రము పట్టుకొనిరి.

మన శాస్త్రము చెప్పిన తెఱఁగు వేఱు. విష్ణుధర్మోత్తరము తృతీయఖండమునందలి చిత్రసూత్రము నగరమును దేవాలయములతోను, రాజగృహములతోను, అంగళ్ళతోను జూపు మనును; మార్గమును సరకులు మోయు నొంటెల బిడారులతో గుఱుతింపు మనును; గ్రీష్మమును అలసిన జనులతోను, నీడకుఁ జేరు మృగములతోను, బురదలోని యెనుములతోను, ఎండిన కొలఁకులతోను వ్రాయు మనును. అనఁగా స్థలమును గుఱుతింపఁజేయునవి యచట బ్రతుకు ప్రాణులు, వాని పనులు. ఆ సూత్రకారుఁడే నేఁడు పటాన్‌చెరువు బాటలో నిలిచినచోఁ బొగగొట్టమును విడువఁడు. ఒంటెల బిడారునకు మాఱుగా లారీల వరుసను వ్రాసియుండును.

విడిచినందువలన నష్ట మెవరి కని ప్రశ్నింపవచ్చును. అమరావతి యుదాహరణము చాలును. కైఫీయతుల సంగ్రహముచే నాంధ్రపండితులకు సుపరిచితుఁడైన కాలిన్ మెకంజీ 1797లో నా స్తూపమును దొలుతఁ జూచెను. 1816లో మరల వచ్చునప్పటికిఁ జాల ఱాళ్ళు తరలిపోయియుండెను. మిగిలిన ఫలకములను, స్థలపుఁ గొలతపటములను దన చిత్రకారులచే వ్రాయించెను. పిమ్మట మఱికొన్ని ఫలకములును జెదరిపోయెను. సున్నపుబట్టీల పాలైనవియుఁ గలవు. వానిలోఁ గొన్నిటి యాకృతికి నేఁ డా గీఁతలే సాక్ష్యము. ఆ గీచినవారు కీర్తిమంతులైన కళావేత్తలు కారు. విఱిగినచోట విఱిగినట్లే గీచిరి. స్తూపమును దమ యూహచేఁ బూరించి యందగించియుండినచో నా పటములు పరిశోధకునకుఁ గొఱగాకుండెడివి.

ఇఁక ద్రవ్యవిచారము. తైలవర్ణమునకు మూలమైన యవిసెనూనె యెండుట నీ రెండుట వంటిది గాదు; గాలిలోని ప్రాణవాయువును గ్రహించి యది మెల్లగ గట్టిపడును. అందుచేఁ దడి దినములకొలఁది నిలుచును. ఒక రంగును మఱియొకదానిలోనికి జార్చుటకు, పలుచని పూఁతలను దొంతరగా నెక్కించుటకు వీలు కలుగును. గోలకొండచెంతఁ గుతుబ్‌షాహీ గోరీల గచ్చుపై వానలు పెట్టిన నలుపు, దాని యంచుల పాచి, అడుగున సున్నపుఁ దెలుపు: ఈ మూఁడును గలియుచోటి నడిమిచాయ తైలమునకుఁ జక్కఁగ లొంగును. ఆక్రిలిక్ నీటితోఁ గలుపుకొను రూపమున 1950ల నడుమ నమెరికాలో విక్రయమునకు వచ్చినది. నీ రావిరియైనతోడనే యది బిగిసి, మరల నీటఁ గరఁగదు. చైత్రపుటెండలోఁ గోటగడ్డపైఁ గూర్చుండి వ్రాయువానికిఁ బలకమీఁదనే రంగు తొక్కకట్టును. నేలకు నింగికి నడుమ దక్కనున నెల్లప్పుడు నుండు ధూళిచాయ కుదురక, దిక్చక్రపు టంచు కత్తికోఁతవలెఁ దేలును. తడిసియున్నప్పటికంటె నెండినపిదప నీ రంగు కొంచెము ముదురును గనుక నిన్న వ్రాసిన యాకాశముతో నేఁటి యాకాశము పొసఁగుటయుఁ గష్టమే. కాని మొరపనేలకు, ఇటుకపెల్లకు, బండపగులునకు నా పదునే మేలు. తైలము లాలించినచో నట్టివి వెన్నవలె మెత్తనగును.

ఒకదానిని విదేశీయమనియు, రెండవదానిని ప్లాస్టిక్కనియు దూఱువారు గలరు. రెండాక్షేపణలును నిలువవు. బామియాన్ బౌద్ధగుహలలో నేడవ శతాబ్దిప్రాంతపుఁ గుడ్యచిత్రములం దెండెడునూనెలు వాడఁబడిన వని 2008లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. కల్యాణచాళుక్యుఁడగు మూఁడవ సోమేశ్వరుఁడు (1126-1138) మానసోల్లాసమునఁ జెప్పిన వజ్రలేప మననేమి? ఎనుముతోలును నీట నుడికించి తీసిన బంక. బంక, నీరు, రంగుపొడి: ఆక్రిలిక్ కూర్పును నిదే, బంక మాత్రము వేఱు. ఆ చాళుక్యుల నెలవులలో నొకటియగు పొట్టలకెరె నేఁటి పటాన్‌చెరువే యని చరిత్రకారులు గుఱుతించియున్నారు. ఈ నేలకు నీటిబంకరంగు క్రొత్త యనుట చరిత్ర నెఱుఁగని మాట. రంగుల సంగతియు నట్టిదే. ఇటలీలోని సియెనా పట్టణపుఁ బేరితో గొట్టములలో వచ్చు కాల్చిన మట్టిరంగు, కొండాపూరి యిటుకకు నెఱ్ఱఁదన మిచ్చిన దినుసు, రెండును నినుపతుప్పు కలసిన మన్నే. సియెనాను వెలపెట్టి కొని కాలిక్రింది జేగురును జూడకుండుట విపరీతము.

చూచిన చిత్రకారులు లేకపోలేదు. బొంబాయి జె.జె. కళాశాలలో నేర్చి రాజమహేంద్రవరమునకు మరలివచ్చిన దామెర్ల రామారావు (1897-1925) గోదావరిని వ్రాసెను; ఆతనికి నది చాలినది, కట్టడముల నీడ యక్కఱపడలేదు. కొండపల్లి శేషగిరిరావు (1924-2012) శాంతినికేతనమున నందలాల్ బోసునకు శిష్యుఁడై, హైదరాబాదునఁ జిత్రకళను బోధించుచు, కాకతీయశిల్పమును, నగరపరిసరపు బండఱాళ్ళను గూడఁ జిత్రించెను. ఈ రెంటిలో బండలే ఘనతరములని తోఁచును. శిల్పమును జూచునప్పుడు భక్తి చేతిని గొంత బంధించినది. బండను జూచునప్పుడు కన్ను స్వేచ్ఛగ మెలఁగినది. ఇంచుమించు 250 కోట్ల యేండ్ల వయస్సుగల యా గ్రానైటు గుట్టలలోఁ బెక్కు నగరము పెరుఁగఁగా మందుపెట్టి ప్రేల్పఁబడినవి. అందువలన నా పటముల విలువ ద్విగుణమైనది.

సూర్యప్రకాశ్ (1940-2019) మార్గము మఱియొకటి. ఆతఁడు తొలుత విఱిగి పాఱవేసిన మోటారుబండ్లను, పిమ్మట నెండుటాకులను, నీటిమడుఁగులను దైలమునను, ఆక్రిలిక్‌నను వ్రాసెను. నీటిదృశ్యములచే నాతని పేరు వ్యాపించినది. అయినను సంగారెడ్డి, పటాన్‌చెరువుల పరిశ్రమప్రాంతమును జిత్రింపఁగోరువారికిఁ దొలినాఁటి తుప్పుపటములే మేలైన పాఠము. వంగిన రేకులో, పెచ్చులూడిన రంగులో నాతఁడు శిథిలమును గన్నాఁడు. శిథిల మగుటకు రెండువేలేండ్ల వయస్సు కావలెనను నియమ మెక్కడను లేదు.

ఆ ప్రాంతమున వ్రాయఁదగిన దేమున్న దని సందేహించువారు నేలను జూడవలెను. పటాన్‌చెరువుకడ 1972లో నెలకొన్న ఇక్రిశాట్ పరిశోధనక్షేత్రమున నెఱ్ఱనేలయు, నల్లరేగడియు రెండును గలవు. తొలకరివానలో నెఱ్ఱనేల ప్రకాశించును. రేగడి వెలుఁగును మ్రింగును. ఒకే మొయిలుక్రింద నీ రెండును నెదురెదుర నిలుచు చోటు చిత్రకారునకు వరము. ఆవల 1970ల నుండి పెరిఁగిన కర్మాగారముల గొట్టములు, తొట్లు, గోడలు. వానినుండి వచ్చిన నీటిచే నక్కవాగు మలిన మగుటయు, ఆ వివాదము న్యాయస్థానములదాఁకఁ బోవుటయు నెల్ల రెఱిఁగినదే. ఆ వాగును వ్రాయువాఁడు దానిని నిర్మలనీలముగా వ్రాసినచో నది వర్ణదోషమా, అసత్యమా? రెండును. తైల మధికనైపుణ్యముతోఁ బూసినకొలఁది యసత్యము దృఢపడును.

కోటగడ్డవంటి మట్టిదిబ్బకు మధ్యాహ్నము శత్రువు. నీడ లేనందున నది చదునుగాఁ గనఁబడును. సూర్యుఁడు దిగువనున్నప్పుడు ఏటవాలు వెలుఁగు నేలనంటి పాఱఁగా, నట్టి దిబ్బలలోని చిన్న మిట్టపల్లములు సన్నని నీడలై తేలును. పూడిన గోడల జాడలను వెదకు పురావస్తుశోధకులును నా వెలుఁగునే కోరుదురు. ఇచటఁ జిత్రకారుని కన్నును, శోధకుని కన్నును నొకటియగును. తొలియంతస్తును ఆక్రిలిక్‌తోఁ ద్వరగ నిలిపి, అది చక్కఁగ నెండినపిదప నీడలను, ధూళిని దైలముతో నెమ్మదిగఁ గూర్చుట సాధ్యమే. తైలముపై నాక్రిలిక్ వేయరాదు గాని, ఆక్రిలిక్‌పైఁ దైలము నిలుచును.

కుతుబ్‌షాహీ గోరీలకు 2013 నుండి జీర్ణోద్ధరణము జరిగి, వెనుకటి సిమెంటు తీసి సున్నపుగచ్చు వేయఁబడినది. అంతకుమునుపు వ్రాసిన పటములలోని నలుపు నేఁడు పెక్కు గుమ్మటములపైఁ గానరాదు. ఆ పటములలోఁ దేదిగలవి చరిత్రకారునకుఁ బనికివచ్చును. తేదిలేనివి గోడకు మాత్ర మలంకారము. కోటగడ్డను వ్రాయువాఁడు ఏ యేఁట, ఏ నెలలో, ఏ దిక్కున నిలిచి చూచెనో పటమువెనుక నాలుగుమాటలు వ్రాయుటయు, ప్రదర్శనశాలవా రట్టి పటము నొకదానిని ద్రవ్వకపు వస్తువులచెంత నుంచుటయుఁ గష్టసాధ్యములు కావు. త్రవ్వకములు మరల సాగినచో నేఁటి గడ్డిగట్టు రేపటికి గుంట యగును.