కొసల దగ్గరి పనితనం

సన్నటి ఉక్కు స్తంభం బరువుకు నలిగిపోదు, అంతకు ముందే పక్కకు వంగిపోతుంది. ఆ వంపును ఆపేది ఇనుము మందం ఒక్కటే కాదు, రెండు కొసలను పట్టి ఉంచిన తీరు కూడా. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల్లో రేకుల షెడ్లు నిలబెట్టే వెల్డర్ల, ఫిట్టర్ల నేర్పు ఈ కొసల దగ్గరే బయటపడుతుంది. కాంక్రీటు పోసేటప్పుడే ఫౌండేషన్ బోల్టులను కొలతకు తెచ్చి కదలకుండా నిలుపుతారు. స్తంభం అడుగున మందపాటి బేస్ ప్లేటు అతికి, చుట్టూ త్రికోణపు ముక్కలు వెల్డింగ్ చేస్తారు. గుండు దారం వదిలి రెండు వైపులా నిలువు చూస్తారు. నట్లు బిగించి, ప్లేటు కింది సందును గ్రౌటుతో నింపుతారు. పైకొసను దూలాలతో, ఏటవాలు బ్రేసింగులతో పక్కకు జరగకుండా కట్టేస్తారు. ఈ శ్రమ విలువ లెక్కలో తేలుతుంది. రెండు కొసలూ మడత బందుల్లా తిరిగే స్తంభం 1 టన్ను దగ్గర వంగితే, అదే స్తంభం రెండు కొసలూ పూర్తిగా బిగిస్తే 4 టన్నుల దాకా తట్టుకుంటుంది. అడుగు మాత్రమే బిగించి పైకొసను వదిలేస్తే పావు టన్నుకే వంగుతుంది. ఇనుము ఒకటే, తేడా 16 రెట్లు. ఏ బిగింపూ సంపూర్ణం కాదు కనుక, ఉక్కు కట్టడాల భారతీయ ప్రమాణం ఐఎస్ 800:2007 రెండు కొసలూ బిగించిన స్తంభం ప్రభావ పొడవును, అంటే వంపు లెక్కకు తీసుకునే పొడవును, అసలు పొడవులో సగంగా కాక 0.65 వంతుగా తీసుకోమంటుంది. ధాన్యం బస్తాలు, చీనీ కాయలు, వాటి మధ్య పనిచేసే మనుషులు ఆ కొసల భరోసాతోనే నీడన ఉంటారు. షెడ్డు కట్టించేవారు స్తంభం లావుతో పాటు బేస్ ప్లేటు, బోల్టులు, బ్రేసింగు కూడా చూసుకోవాలి.